మాక్రోతో తెరిస్తే తేదీలు తిరగబడుతున్నాయి, చేత్తో తెరిస్తే బాగానే ఉన్నాయి

ఆదోని దూది · ఆదోని · 8 మే 2023, ఉదయం 10.15

అందరికీ నమస్కారం. ఆదోనిలో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. కంప్యూటర్ చదువు చదవలేదు. ఎక్సెల్ మాక్రోలు (మన పనిని ఎక్సెలే చేసేలా రాసే చిన్న ప్రోగ్రాములు) ఈ చర్చావేదికలో అడిగి అడిగి నేర్చుకున్నవే.

మా బిల్లుల సాఫ్ట్‌వేరు రోజూ సాయంత్రం ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల పట్టిక) ఇస్తుంది. చీటీ నంబరు, తేదీ, రైతు పేరు, పద్దు, మొత్తం అందులో ఉంటాయి. తేదీ 03/04/2023 అన్న తీరులో వస్తుంది, అంటే ఏప్రిల్ 3. మార్చి వరకు ఆ ఫైలును నేనే తెరిచి, తర్వాత మాక్రో నడిపేవాడిని. కొత్త ఆర్థిక సంవత్సరం కదా అని ఏప్రిల్ 1 నుంచి ఫైలు తెరిచే పని కూడా మాక్రోకే అప్పగించాను. అక్కడే శని పట్టుకుంది.

మొన్న శనివారం ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పంట మీద లక్ష రూపాయలు అడ్వాన్సు తీసుకున్నారు, వడ్డీ నూటికి రెండు. ఆయనకిచ్చే లెక్క కాగితం, అదే పట్టీలో వడ్డీ మార్చి 4 నుంచి లెక్క కట్టి ఉంది. ‘మార్చి నాలుగున నేను కాలికి కట్టుతో మంచంలో ఉన్నాను. నా వేలిముద్ర నీకు ఎవరు ఇచ్చారయ్యా?’ అని నలుగురిలో అడిగారు. చిట్టా తీసి చూస్తే ఆయన మాటే నిజం. డబ్బు ఇచ్చింది ఏప్రిల్ 3న. ముప్పై రోజుల వడ్డీ, 2,000 రూపాయలు, ఎక్కువ రాశాను. యజమాని ఒక్క మాట అనలేదు. ఆ చూపే చాలు.

విచిత్రం ఏమిటంటే అదే ఫైలును మౌస్‌తో రెండుసార్లు నొక్కి తెరిస్తే తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. మాక్రోతో తెరిస్తేనే నెల, రోజు తారుమారు. ఫైలు ఒకటే, కంప్యూటర్ ఒకటే. దయచేసి చెప్పండి.

గుత్తి కోట · అనంతపురం · 8 మే, ఉదయం 10.40

వారానికి ఒకరు అడిగే ప్రశ్న ఇది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి ఇంగ్లీష్ (ఇండియా) పెట్టండి. మీది అమెరికా అమరికలో ఉంటుంది. రెండు నిమిషాల పని.

ఆదోని దూది · 8 మే, ఉదయం 11.05

అన్నా, ముందు చూసింది అదే. ఇంగ్లీష్ (ఇండియా) అనే ఉంది. గడియారం దగ్గర కూడా 08-05-2023 అనే చూపిస్తోంది. అమెరికాకు మార్చి మళ్లీ ఇండియాకు మార్చాను, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. మార్పు లేదు.

గుత్తి కోట · 8 మే, ఉదయం 11.12

అలాగైతే ఫైలులోనే తేడా ఉంది. మీ సాఫ్ట్‌వేరు వాళ్లను అడగండి.

హంద్రీ గట్టు · కర్నూలు · 8 మే, మధ్యాహ్నం 1.30

కోటగారూ, ఫైలులో తేడా ఉంటే చేత్తో తెరిచినప్పుడు కూడా తప్పే రావాలి కదా. ఆయన మొదటి పోస్టులోనే జవాబు సగం చెప్పేశారు, మనమే సరిగ్గా చదవలేదు.

దూది గారూ, మీ యంత్రం ఇండియాలో ఉంది, మీ మాక్రో అమెరికాలో ఉంది. హాస్యానికి అనడం లేదు. మనిషి మౌస్‌తో తెరిస్తే ఎక్సెల్ విండోస్ రీజియన్‌ను చూసి తేదీ చదువుతుంది. మాక్రోలు రాసే భాష వీబీఏ నుంచి వర్క్‌బుక్స్.ఓపెన్ అని తెరిస్తే, మనం వేరే చెప్పనంత వరకు, వీబీఏ భాష ప్రకారం చదువుతుంది. ఆ భాష అమెరికా ఇంగ్లీషు. నెల ముందు, రోజు తర్వాత. ఒకే మాక్రో ఏ దేశంలో నడిచినా ఒకే ఫలితం రావాలని అలా పెట్టారు. ఉద్దేశం మంచిదే, మన తేదీలకు మాత్రం చేటు.

వైద్యం చిన్నదే. ఓపెన్ వాక్యం చివర లోకల్:=ట్రూ చేర్చండి (కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే సుమా). ‘ఈ యంత్రం రీజియన్ ప్రకారం చదువు’ అని దాని అర్థం. మీ మాక్రో ఎవరికైనా సీఎస్‌వీ రాసి పంపుతుంటే సేవ్‌యాజ్‌కు కూడా అదే మాట చేర్చాలి. లేకపోతే మీ సరైన తేదీలు బయటికి వెళ్లేటప్పుడు తిరగబడతాయి.

ఒక ప్రశ్న. ఏప్రిల్ 13 తర్వాతి తేదీలు ఎలా ఉన్నాయి?

ఆదోని దూది · 8 మే, మధ్యాహ్నం 2.10

అన్నగారూ, లోకల్ చేర్చగానే సరిపోయింది. రెండు రోజులుగా నిద్ర లేదు నాకు. మీకు దండం.

13 నుంచి 30 వరకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకే తప్పు ఇన్ని రోజులు కనబడలేదు. నేను అప్పుడప్పుడూ చూసింది నెలాఖరు పట్టీలనే.

హంద్రీ గట్టు · 8 మే, మధ్యాహ్నం 2.45

అవి సరిగ్గా ఉండడం కూడా యాదృచ్ఛికమే. 13/04 అంటే అమెరికా లెక్కలో పదమూడో నెల. అలాంటి నెల లేదు కనుక ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకోక, మామూలు అక్షరాలుగా వదిలేసింది. మీ మాక్రోలో ఎక్కడో సీడేట్ ఉండి ఉంటుంది. అది ఆ అక్షరాలను తేదీగా మార్చింది. సీడేట్‌కు ఇంకో గుణం ఉంది. ఒక వరుసలో కుదరకపోతే నోరు మెదపకుండా రెండో వరుసలో ప్రయత్నిస్తుంది. తప్పు అని ఆగిపోతే మనకు తెలిసేది. సర్దుకుపోవడమే దాని చెడ్డ గుణం.

లెక్క వేయండి. పన్నెండు నెలల్లో, నెలకు మొదటి పన్నెండు రోజులు, 144 తేదీలు. వాటిలో 1/1, 2/2 లాంటివి పన్నెండు ఎటు చదివినా ఒకటే. మిగిలిన 132 రోజులు చప్పుడు లేకుండా తప్పు పడతాయి. ఏడాదిలో మూడో వంతుకు పైన.

తాడిపత్రి నాపరాయి · తాడిపత్రి · 8 మే, మధ్యాహ్నం 3.20

నా కథ వినండి. మాక్రో రాశాక ఒక తేదీతో పరీక్షించి చూద్దామని కొత్త జిల్లాలు మొదలైన రోజు, 04/04/2022, వేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఆర్నెల్లు ధీమాగా ఉన్నాను.

హంద్రీ గట్టు · 8 మే, మధ్యాహ్నం 3.35

హహ. ఉన్న పన్నెండులో ఒకటి ఏరుకున్నారు! నేను ఏ మాక్రో రాసినా ముందు 01/10/1953 వేసి చూస్తాను. ఆంధ్ర రాష్ట్రానికి మా కర్నూలు రాజధాని అయిన రోజు. జనవరి 10 అని వస్తే మాక్రో అమెరికాలో ఉన్నట్టు.

ఆదోని దూది · 8 మే, సాయంత్రం 5.50

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. ఇకమీద వచ్చేవి సరే, ఇప్పటికే ఖాతాల్లో పడినవాటి సంగతి ఏమిటి? ఏప్రిల్ 1 పద్దులు జనవరి 4కు, 3వి మార్చి 4కు పోయాయి. ఏప్రిల్ 6 నుంచి 12 వరకు ఉన్నవాటిలో చాలావరకు జూన్ నుంచి డిసెంబరు దాకా ఇంకా రాని తేదీల్లో ఉన్నాయి. అందుకే ఏ పట్టీలోనూ కనబడలేదు. ఏప్రిల్ 5 పద్దులు మే 4కు వెళ్లాయి, మే 4 పద్దులు ఏప్రిల్ 5కు వచ్చాయి. ఇళ్లు మార్చుకుని కూర్చున్నట్టు! చూసేవాడికి అనుమానమే రాదు.

తాడిపత్రి నాపరాయి · 8 మే, సాయంత్రం 6.05

రోజు 12 లోపు ఉన్న ప్రతి వరుసకూ నెల, రోజు మార్చేయండి. సంవత్సరం, నెల, రోజు ఇస్తే తేదీ కట్టే డేట్‌సీరియల్‌లో సంవత్సరం, రోజు, నెల అని తలకిందులుగా ఇస్తే మాక్రోతో అయిదు నిమిషాలు.

హంద్రీ గట్టు · 8 మే, సాయంత్రం 6.20

ఆగండి ఆగండి. ఆ పని చేయకండి. మార్చి దాకా ఆయన చేత్తో తెరిచారు, అవి సరైనవి. ఏప్రిల్‌లో కూడా కొన్ని చేత్తో వేసి ఉండవచ్చు. అన్నీ తిప్పితే బాగున్నవి చెడతాయి. రేపు ఇంకెవరో మళ్లీ తిప్పుతారు, ఇక దేవుడే దిక్కు.

ముందు ఖాతా పుస్తకానికి ఒక నకలు తీసి పక్కన పెట్టండి. అసలు సీఎస్‌వీ ఫైళ్లు ఉన్నాయా? ఉంటే వాటినే మళ్లీ ఎక్కించడం అన్నిటికన్నా మేలు.

ఆదోని దూది · 8 మే, రాత్రి 8.30

లేవు అన్నా. సాఫ్ట్‌వేరు రోజూ అదే పేరుతో పాత ఫైలు మీద రాస్తుంది. ఏప్రిల్ 10, 11 తేదీల్లో మాక్రో మొరాయిస్తే చేత్తో వేసిన మాట కూడా నిజమే.

హంద్రీ గట్టు · 8 మే, రాత్రి 9.15

అయితే చీటీ నంబర్లే సాక్షులు. అవి వరుసగా పెరుగుతాయి కదా? షీటును తేదీ ప్రకారం కాక చీటీ నంబరు ప్రకారం అమర్చండి. పక్క గడిలో, ఈ వరుస తేదీ పై వరుస తేదీ కన్నా వెనక్కి పోయినా, నాలుగు రోజులకు మించి ముందుకు దూకినా గుర్తు పడేలా సూత్రం పెట్టండి. గుర్తు పడ్డ గుంపుల్లో నెల, రోజు తిప్పి చూడండి. తిప్పాక పైవాటికీ కిందివాటికీ మధ్య ఇమిడితే అది తిరగబడినదే. ఇమడకపోతే ముట్టుకోకుండా చిట్టాతో పోల్చండి.

చూసేటప్పుడు తేదీలను సంఖ్యలుగా పెట్టుకోండి. ఎక్సెల్‌కు తేదీ అంటే 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన ఒక సంఖ్య, అంతే. 2023 ఏప్రిల్ 3 అంటే 45019, మార్చి 4 అంటే 44989. తేడా 30. మీ పెద్దాయన వడ్డీ అక్కడే ఉంది. సంఖ్యకు అమెరికా, ఇండియా లేవు. చూపించేటప్పుడు, అక్షరాల నుంచి చదివేటప్పుడు మాత్రమే దేశాలు వస్తాయి.

గుత్తి కోట · 9 మే, ఉదయం 9.00

నా మొదటి జవాబు తప్పు, ఒప్పుకుంటున్నాను. అయినా ఇదంతా చదివాక ఎక్సెల్ వదిలి పైథాన్‌కు రండి అనాలనిపిస్తోంది. పట్టికల పనికి అక్కడ వాడే పాండాస్‌లో డేఫస్ట్ (రోజు ముందు) అని ఒక్క మాట రాస్తే చాలు.

హంద్రీ గట్టు · 9 మే, ఉదయం 9.25

అక్కడా అదే సర్దుబాటు ఉంది. డేఫస్ట్ ఒక సూచన మాత్రమే, కచ్చితమైన ఆజ్ఞ కాదు. రోజు ముందు, నెల తర్వాత, నాలుగంకెల సంవత్సరం అని తీరును పూర్తిగా రాసి ఇస్తేనే తేడా వచ్చినచోట ఆగుతుంది. పనిముట్టు మార్చినంత మాత్రాన మనం చెప్పని సంగతి దానికి తెలియదు.

గుత్తి కోట · 9 మే, ఉదయం 9.40

సరే గురువుగారూ. నా వంతుగా ఒక అనుభవం. సొమ్ము గడిలో 1,25,000 అని అక్షరాలుగా వస్తే వాల్ అనే ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చాను. అది మొదటి కామా దగ్గరే ఆగిపోతుందని తెలియదు. లక్షా పాతికవేలు కాస్తా ఒక్క రూపాయి అయింది. సీడబుల్ పెడితే రీజియన్ చూసి కామాలు దాటి చదువుతుంది. ఆ సంగతి తెలిసేసరికి అప్పులవాళ్లందరూ మా లెక్కలో శ్రీమంతులయ్యారు.

సర్వే రాయి · కడప · 9 మే, మధ్యాహ్నం 12.10

అన్నలారా, ఇక్కడే అడగవచ్చో లేదో, ఇదీ ఆ కోవదే. కడప దగ్గర ఒక రైతు సంఘానికి పొలాల జాబితా తయారుచేస్తున్నాను. సర్వే నంబర్లు 125/2, 48/1 లాంటివి బాగానే ఉన్నాయి. 12/3, 7/1 లాంటివి తేదీలైపోతున్నాయి. గడిని టెక్స్ట్‌గా మార్చితే 44997 అని వస్తోంది. ఇద్దరం రెండు కంప్యూటర్లలో ఎక్కించాం. రెండోది ఎవరో విదేశం నుంచి తెచ్చి ఇచ్చిన ల్యాప్‌టాప్.

హంద్రీ గట్టు · 9 మే, మధ్యాహ్నం 1.00

అమ్మా, ఇది దూది గారి సమస్య కన్నా లోతైనది. 125వ తేదీ లేదు కనుక 125/2 బతికిపోయింది. 12/3 అనగానే ఎక్సెల్ ఈ ఏడాది మార్చి 12 అనుకుని 44997 దాచుకుంది. మీరు రాసిన గీత, అంకెలు అక్కడితో పోయాయి. తర్వాత టెక్స్ట్‌గా మార్చినా వెనక్కి రావు.

ఇప్పుడు రెండో కంప్యూటర్ సంగతి. అది అమెరికా అమరికలో ఉంటే అక్కడ 12/3 డిసెంబరు 3 అవుతుంది, 45263. అంతకన్నా ప్రమాదం, అక్కడ 3/12 అని కొడితే మార్చి 12, అంటే మళ్లీ 44997. ఇక్కడి 12/3, అక్కడి 3/12 రెండూ ఒకే సంఖ్య. వేర్వేరు ఇద్దరి పొలాలు కావచ్చు.

ఏ వరుస ఏ కంప్యూటర్‌లో ఎక్కించారో తెలుసా? ఫైళ్లు విడిగా ఉంటే బయటపడవచ్చు. ఇండియా యంత్రంలోవి రోజు/నెల అని, అమెరికా యంత్రంలోవి నెల/రోజు అని వెనక్కి రాయండి. ఎవరి ఫైలు ఏదో తెలియకపోతే ప్రభుత్వ భూ రికార్డుల సైటు మీభూమిలో రైతు పేరుతో అడంగల్ తీసి ఒక్కొక్కటీ చూడడమే. దానికి అడ్డదారి లేదు.

ఇకమీద మాత్రం, నంబరు కొట్టకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని టెక్స్ట్ చేయండి. మాక్రోతో రాస్తే నంబర్‌ఫార్మాట్ కు "@" ఇచ్చాకే విలువ వేయాలి. క్రమం తప్పితే ఫలితం లేదు.

సర్వే రాయి · 9 మే, మధ్యాహ్నం 1.40

ఫైళ్లు విడిగానే ఉన్నాయి, బతికిపోయాం. కానీ సీఎస్‌వీ నుంచి తెచ్చేటప్పుడు ఓపెన్‌టెక్స్ట్‌లో ఈ వరుస టెక్స్ట్ అని ఫీల్డ్‌ఇన్ఫో ద్వారా చెప్పాను కదా అన్నా, అయినా వినలేదు ఎందుకు?

హంద్రీ గట్టు · 9 మే, మధ్యాహ్నం 2.00

ఫైలు పేరు చివర సీఎస్‌వీ అని ఉంటే ఎక్సెల్ ఫీల్డ్‌ఇన్ఫో వైపు కన్నెత్తి చూడదు. చివర టీఎక్స్‌టీ అని పేరు మార్చి అదే కోడ్ నడపండి, వింటుంది. దీని మీద నేను ఒక దీపావళి సెలవు మొత్తం పోగొట్టుకున్నాను.

పొద్దుటూరు తక్కెడ · పొద్దుటూరు · 9 మే, రాత్రి 7.30

అందరూ తేదీలతో అవస్థ పడుతున్నారు. నా అవస్థ తెలుగుతో. నివేదికలు తెలుగులో ఉండాలని ముచ్చటపడి రీజియన్‌ను తెలుగు (ఇండియా) చేశాను. నెల పేరున్న షీటును వెతికే మాక్రో వెంటనే చచ్చిపోయింది. ఫార్మాట్ ఫంక్షన్ ఇప్పుడు ‘ఏప్రిల్’ అని తెలుగులో ఇస్తోంది, షీటు పేరేమో ఇంగ్లీషులో ఉంది. పోనీ మాక్రోలోనే ‘తేదీ’ అని తెలుగులో రాద్దామంటే వీబీఏ కిటికీలో ప్రశ్నార్థకాలు పడుతున్నాయి. యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాషను మార్చమని ఎవరో చెప్పారు. అదీ పనిచేయలేదు.

హంద్రీ గట్టు · 9 మే, రాత్రి 8.20

చివరిది పనిచేయదు. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒకే పట్టిక. వీబీఏ ఎడిటర్ దానికి ముందు కాలపు కోడ్ పేజీలతో, అంటే భాషకొక విడి పట్టికతో నడుస్తుంది. రష్యన్, గ్రీకు లాంటి వాటికి అలాంటి పేజీలు ఉన్నాయి. విండోస్‌లో తెలుగుకు, హిందీకి, తమిళానికి అసలు లేవు, ఇవి నేరుగా యూనికోడ్‌తోనే వచ్చాయి. లేని పేజీని ఎంచుకోలేం.

దారులు రెండు. సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ ఫంక్షన్‌తో అక్షరం అక్షరం పేర్చవచ్చు. ‘తేదీ’ అంటే 3108, 3143, 3110, 3136. తకారం, ఏత్వం, దకారం, దీర్ఘం. పేరు రాయడానికి బాగుంటుంది, వాక్యం రాయాలంటే విసుగు. నేను చేసేది రెండోది. ఒక దాచిన షీటులో తెలుగు శీర్షికలన్నీ టైపు చేసి ఉంచుతాను, మాక్రో అక్కడి గడుల నుంచి చదువుకుంటుంది. గడులకు తెలుగు వచ్చు, ఎడిటర్‌కే రాదు.

నెల పేరుకు, ఫార్మాట్ బదులు షీటులోని టెక్స్ట్ ఫంక్షన్‌ను పిలిచి, తీరు ముందు [$-409] తగిలించండి. అది అమెరికా ఇంగ్లీషు సంకేతం, రీజియన్ ఏదైనా ఇంగ్లీషు నెలే వస్తుంది. అన్నిటికన్నా మంచిది షీట్లకు 2023-04 అని అంకెలతో పేర్లు పెట్టడం.

ఇంకొకటి. మామూలు సీఎస్‌వీగా దాస్తే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలు అవుతాయి. సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నది ఎంచుకోండి.

అనంత ప్రవాసి · 10 మే, తెల్లవారుజామున 1.15

మాది అనంతపురం, ఉండేది జర్మనీలో. మా మామయ్యగారి దుకాణం కోసం ఇక్కడ రాసిన మాక్రో అక్కడ నడవలేదు. ఇక్కడ దశాంశానికి కామా, సూత్రంలో విలువల మధ్య సెమీకోలన్. నేను సూత్రాన్ని యంత్రం రీజియన్ తీరులో తీసుకునే ఫార్ములాలోకల్ వాడాను, సెమీకోలన్ చూడగానే అక్కడ 1004 తప్పు వచ్చింది. ఎప్పుడూ అమెరికా తీరులోనే తీసుకునే ఫార్ములా అని మార్చి కామాలతో రాశాక అక్కడ నడిచింది, కానీ ఇప్పుడు ఇక్కడ ఒక వాక్యం దగ్గర 1004.

హంద్రీ గట్టు · 10 మే, ఉదయం 7.00

ఆ వాక్యంలో ఏదైనా దశాంశ సంఖ్యను సూత్రానికి అతికించావా తమ్ముడూ, 2.5 శాతం లాంటిది?

అనంత ప్రవాసి · 10 మే, మధ్యాహ్నం 12.30

అవును అన్నా! పన్ను రేటు 2.5.

హంద్రీ గట్టు · 10 మే, మధ్యాహ్నం 12.50

అదే. అతికించేటప్పుడు వీబీఏ మీ యంత్రం ప్రకారం 2,5 అని రాసింది. ఫార్ములా ఆ కామాను విలువల మధ్య కామా అనుకుంది. ఎస్‌టీఆర్ ఫంక్షన్‌తో మార్చి అతికించు, అది ఎక్కడైనా చుక్కే పెడుతుంది. ఇంకా మంచిది రేటును ఒక గడిలో ఉంచి ఆ గడి పేరు ఇవ్వడం.

ఆదోని దూది · 11 మే, సాయంత్రం 6.40

చీటీ వరుస పద్ధతి పనిచేసింది. 412 వరుసలకు 171 తిరగబడ్డాయి. చేత్తో వేసిన ఏప్రిల్ 10, 11 వరుసలు సరైనవని అదే చూపించింది. నాపరాయి అన్న మాట విని అన్నీ తిప్పి ఉంటే అవి చెడిపోయేవి (ఏమీ అనుకోవద్దు అన్నా).

పెద్దాయన ఇవాళ మళ్లీ వచ్చారు. 2,000 తీసేసిన కొత్త పట్టీ ఇచ్చాను. కంప్యూటర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ‘ఇది సరే, చిట్టాలో కూడా చూపించు’ అన్నారు. చూపించాను. తేదీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివించుకుని వెళ్లారు.

మాక్రోలో ఇప్పుడు తేదీని ముక్కలు చేసి డేట్‌సీరియల్‌తోనే కడుతున్నాను, సీడేట్ తీసేశాను. మొదటి వరుసగా 01/10/1953 వేసి, జనవరి వస్తే అక్కడే ఆగేలా కూడా పెట్టాను.

మూడు చీటీలు మాత్రం ఎటు తిప్పినా వరుసలో ఇమడడం లేదు. ఆ వారం చిట్టా యజమాని ఇంట్లో ఉంది. రేపు తెస్తానన్నారు.